తీరిక ఎవరి సొమ్ము?

ఉద్దానంలో జీడి పిక్కల ఆట దాదాపు కనుమరుగైంది. పలాస నుంచి వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి దాకా పరుచుకున్న తోటల్లో మాఘమాసంలో పూత కనిపించి, చైత్ర వైశాఖాలకు పండు దిగేది. పండు చీకి పిక్క జేబులో వేసుకోవడంతోనే పిల్లలకు ఆట మొదలు. చెట్టు కింద నేల చదును చేసి, మడమతో గీత గీసి, గీత మీద తలా ఇన్ని పిక్కలు నిలబెట్టేవారు. పది పన్నెండు అడుగుల ఎడం నుంచి, ఏరి దాచుకున్న బరువైన పిక్కతో గురి చూసి కొట్టాలి. గీత దాటి దొర్లిన పిక్కలన్నీ కొట్టినవాడివి. పిక్కకు పిక్క తగిలి టక్కుమనే చప్పుడు, ఆ వెంటనే నాదంటే నాదన్న గొడవ వేసవి మధ్యాహ్నాల్లో తోట తోటకూ వినిపించేవి. గెలిచిన పిక్కలు దోసెడు పోస్తే కిరాణా కొట్టువాడు బెల్లంముక్కో జంతికో చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు పిక్క ఎనభై కిలోల బస్తాల్లో కాటా ఎక్కే సరుకు. రాలింది రాలినట్టే ఏరి బస్తాకెత్తుతారు. జేబులో వేసుకుపోయే పిల్లవాణ్ణి తోట యజమాని అదిలిస్తాడు. చాలాచోట్ల ఆ అవసరమూ లేదు, పిల్లలే తోట మొహం చూడడం లేదు.

ఒక ఆట మాయమైతే దాన్ని ఆడనిచ్చిన బతుకు మారిపోయిందని అర్థం. జీతానికి కాకుండా, ఉద్యోగానికి కాకుండా, ఆడాలనిపించి ఆడడం ఒకప్పుడు ఒక జీవన విధానం. ఉద్దానం పిల్లవాడికి అది వేసవి నెలల సంగతి. ఇంగ్లండులో ఒక వర్గానికి జీవితమంతా అదే. వేసవిలో క్రికెట్, మిగతా కాలంలో గోల్ఫ్, రెండింటికీ పైసా పుచ్చుకోకపోవడమే గౌరవం. రెండూ పోయాయి. రెంటినీ తలుచుకుని "అప్పట్లో ఆట కోసమే ఆడేవారు" అని ఒకే నిట్టూర్పు విడవడం మనకు అలవాటైంది. ఆ నిట్టూర్పుతోనే నా పేచీ. ఆటగాడు డబ్బు పుచ్చుకోకపోవచ్చు, కానీ అతను ఆడిన గంటల ఖర్చు ఎక్కడో ఎవరో భరిస్తారు. ఆ భరించినవాళ్లెవరో చూశాకే, ఏది పోయినందుకు బాధపడాలో, ఏది పోయినందుకు ఊపిరి పీల్చుకోవాలో తేలుతుంది.

*

ముందు ఇంగ్లండు సంగతి. లెనార్డ్ క్రాలీ అనే ఆయన ఎసెక్స్ జట్టుకు బ్యాటింగ్ చేశాడు. 1931లో ఇంగ్లీష్ అమెచ్యూర్ గోల్ఫ్ టైటిల్ గెలిచాడు. అమెరికాతో జరిగే వాకర్ కప్ పోటీల్లో బ్రిటన్ తరఫున 1932 నుంచి 1947 దాకా నాలుగుసార్లు ఆడాడు. తరవాత డైలీ టెలిగ్రాఫ్ పత్రికకు గోల్ఫ్ విలేకరిగా స్థిరపడ్డాడు. నేర్పున్న మనిషి, అందులో సందేహం లేదు. అయితే ఆయన తిరిగిన ఆ లోకానికి ఒక కట్టుబాటుండేది. డబ్బు పుచ్చుకోని పెద్దమనుషులకు ఒక డ్రెస్సింగ్ రూము, జీతగాళ్లకు ఇంకొకటి. మైదానంలోకి దిగే గేట్లు కూడా వేరు. స్కోరుకార్డు మీద పెద్దమనిషి పేరుకు పొడి అక్షరాలు ముందు, జీతగాడి పేరుకు వెనక. గోల్ఫ్‌లో ఇంకా ఘోరం. 1920లో డీల్ పట్నంలో జరిగిన బ్రిటిష్ ఓపెన్‌కు వచ్చిన అమెరికన్ ప్రొఫెషనల్ వాల్టర్ హేగన్‌ను క్లబ్ భవనంలోకి రానివ్వలేదు. ఆయన అద్దెకు ఖరీదైన కారు తెప్పించి, గుమ్మం ముందే నిలబెట్టి, అందులోనే బట్టలు మార్చుకున్నాడు. ఇంగ్లిష్ క్రికెట్ ఈ తేడాను 1962 చివర్లో ఎత్తేసింది. అప్పటికి చాలామంది అమెచ్యూర్లకు క్లబ్ కార్యదర్శి పదవి పేరుతోనో, ఖర్చుల పేరుతోనో డబ్బు ముడుతూనే ఉంది. తాతల ఆస్తి కరిగాక ఉత్త చేతులతో ఆడడం పెద్దమనుషులకూ సాధ్యం కాలేదు. అందుకే ఆ వ్యవస్థను ఏ ఉద్యమమూ కూల్చనక్కర్లేకపోయింది, దానంతటదే కూలింది.

మన దగ్గర ఆ బతుకును అచ్చంగా బతికినవాడు విజ్జీ. విజయనగరం పూసపాటి వంశంలో 1905 డిసెంబరు 28న రెండో కొడుకుగా పుట్టిన విజయానంద గజపతిరాజు. అజ్మీరులో మేయో కాలేజి, ఇంగ్లండులో హైలీబరీ, ఆ తరవాత కాశీలో సంస్థానపు ఆస్తుల దగ్గర మకాం. 1926లో సొంత క్రికెట్ జట్టు కట్టి, కాశీ కోట ఆవరణలోనే మైదానం తయారు చేయించాడు. 1930-31లో శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఇంగ్లండు ఎంసీసీ జట్టు పర్యటన రద్దయితే, తానే సొంత జట్టుతో భారతదేశమూ సిలోనూ తిరిగాడు. ఆ జట్టులోకి ఇంగ్లండు నుంచి జాక్ హాబ్స్‌ను, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌ను రప్పించాడు. 1936లో భారత జట్టుకు కెప్టెనై ఇంగ్లండు వెళ్లాడు. కెప్టెన్సీ ఆయనకు బ్యాటు సంపాదించి పెట్టలేదు, క్రికెట్ బోర్డులో కూడగట్టిన ఓట్లు పెట్టాయి. మూడు టెస్టుల్లో ఆరు ఇన్నింగ్స్ ఆడి మొత్తం 33 పరుగులు చేశాడు. సిరీస్ 2-0తో పోయింది. టెస్టులు మొదలు కాకముందే, జట్టులో అందరికంటే ఊపు మీదున్న లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరు చెప్పి ఓడ ఎక్కించి ఇంటికి పంపేశారు. అదే పర్యటనలో ఉండగా విజ్జీకి సర్ బిరుదు వచ్చింది.

ఆయన డబ్బిచ్చి రప్పించిన హాబ్స్ ఎవరు? కేంబ్రిడ్జిలో జీసస్ కాలేజి మైదానం చూసుకునే మనిషి కొడుకు. జీవితాంతం జీతానికి ఆడిన ప్రొఫెషనల్. ఫస్ట్ క్లాస్ క్రికెట్‌లో దాదాపు రెండువందల సెంచరీలు కొట్టినవాడు. ఆయనకు సర్ బిరుదు వచ్చేసరికి 1953 అయింది, వయసు 70. క్రికెట్ జీతగాళ్లలో ఆ బిరుదు అందుకున్న మొదటివాడు ఆయనే. విజ్జీకి అది 30 ఏళ్లకే వచ్చింది. 33 పరుగుల అమెచ్యూర్‌కూ రెండువందల సెంచరీల జీతగాడికీ మధ్య లోకం చూపిన ఈ తేడా చాలు, నా వాదనకు వేరే సాక్ష్యం అక్కర్లేదు. అమెచ్యూర్ అన్న మాట ఆట మీద ప్రేమను కొలవలేదు. ఆడే మనిషి వెనక ఎన్ని ఎకరాల శిస్తు ఉందో కొలిచింది.

దీనికి బలమైన అభ్యంతరమే ఉంది. రాజులు డబ్బు పెట్టకపోతే భారత క్రికెట్ ఎక్కడుండేది? హాబ్స్ పక్కన ఆడే అవకాశం మన కుర్రాళ్లకు ఎవరిచ్చేవారు? నిజమే. విజ్జీ జట్టు చాలామందికి బడి. 1950లలో ఆయన బోర్డు అధ్యక్షుడిగా ఉన్నాడు, విశాఖపట్నం నుంచి లోక్‌సభకూ వెళ్లాడు. ఆయన పేరు మీద యూనివర్సిటీల పోటీ నడిచింది. ఆ మేలును కాదనడం అన్యాయం. కానీ మేలు చేసింది ఆయన పెట్టిన డబ్బా, ఆయన ఆడిన ఆటా? డబ్బే. మచిలీపట్నం మూలాలున్న కుటుంబంలో 1895లో నాగపూరులో పుట్టిన సి.కె. నాయుడును చూడండి. 1926లో బొంబాయిలో ఎంసీసీ మీద 153 పరుగులు, అందులో 11 సిక్సర్లు. 1932లో లార్డ్స్‌లో భారత జట్టు తొలి టెస్టుకు కెప్టెన్. ఆయన్ను హోల్కర్ మహారాజు తన సైన్యంలో ఉద్యోగమిచ్చి పోషించాడు. పేరుకు సైన్యోద్యోగం, చేసింది క్రికెట్. అంటే మన గొప్ప ఆటగాణ్ణి నిలబెట్టింది జీతమే. రాజుగారు బ్యాటు పట్టనక్కర్లేదు, కెప్టెన్ కానక్కర్లేదు, జీతమిచ్చి పక్కన నిలబడితే చాలు. ఆటకు పోషకులు అవసరమన్నది ఒప్పుకుంటాను. పోషకుడే నాయకుడు కావాలన్నదే ఒప్పుకోను.

*

ఇక ఆ డబ్బు ఎక్కడిది? 1802 నాటి శాశ్వత పైసలా తరవాత ఉత్తర సర్కారుల్లో రైతు కట్టే శిస్తు జమీందారు బొక్కసంలోకి చేరేది. విజయనగరం అలాంటి పెద్ద జమీందారీల్లో ఒకటి. టెక్కలి, మందస, పర్లాకిమిడి కూడా జమీందారీలే. వేరు వేరు కోటలు, ఒకటే ఏర్పాటు. ఆ ఏర్పాటు ఎంత దగ్గరగా గొంతు పట్టుకునేదో తెలియాలంటే పలాస పక్కనే చూడాలి. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ జరిగింది. కొద్ది రోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసులు కాల్పులు జరిపారు. అడవి నుంచి కట్టెలు, కలప తెచ్చుకునే హక్కు దగ్గర మొదలైన తగాదా అది. సాసుమాన గున్నమ్మ, ఆమెతోపాటు మరికొందరు అక్కడే ప్రాణాలు వదిలారు. వీరగున్నమ్మగా ఆమె పేరు ఈ ప్రాంతమంతా నిలిచింది. విజ్జీ లార్డ్స్‌లో ఆడి అప్పటికి నాలుగేళ్లు. విజయనగరం కోటకూ మందస కాల్పులకూ నేరుగా సంబంధం ఉందని నేననడం లేదు. పొయ్యిలోకి కట్టె తెచ్చుకోవడానికి మనుషులు చావాల్సిన ఏర్పాటే, ఇంకోచోట ఒక మనిషికి ఏళ్ల తరబడి తీరికను సమకూర్చింది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాక ఆ తీరికా పోయింది. ఆ అమెచ్యూర్ పోయినందుకు ఉద్దానం కన్నీరు పెట్టాల్సిన పని లేదు.

గోల్ఫ్ మన తీరానికి ఇంకా ముందే వచ్చింది. వాల్తేరులో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ 1884 నాటిది. అప్పటికి ఈ తీరం వెంట రైలు పట్టాలే లేవు. 1890లలో పట్టాలు పడి పలాస స్టేషన్ వచ్చింది. 1900లో నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడి రాజుగారి చిన్న రైలు నడిచింది. దొరల తీరికకు కలెక్టరాఫీసు, రైల్వే కంపెనీ జీతమిచ్చేవి. వాళ్ల సంచి మోసింది మాత్రం స్థానిక కుర్రాళ్లే. భారతదేశంలో గోల్ఫ్ క్లబ్బులన్నిటా ఇదే కథ. ఆ సంచులు మోసినవాళ్లలోంచే మన ప్రొఫెషనల్ గోల్ఫర్లు పుట్టుకొచ్చారు. 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచిన మొదటి భారతీయ ప్రొఫెషనల్ అలీ షేర్ అలా క్యాడీగా మొదలైనవాడే.

*

ఇప్పుడు ఉద్దానం అమెచ్యూర్ దగ్గరికి రావాలి. అతని సరంజామా చెట్టు ఇచ్చేది. ఎండిన కొబ్బరి మట్ట ఒకటి దొరికితే బ్యాటు వచ్చినట్టే. మొదలు దగ్గర మట్ట వెడల్పుగా, గుల్లగా, వీపు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఆ భాగం మూడడుగులు నరికి, అంచుల ముళ్లలాంటి పీచు చెక్కి, పైకొసను పిడి పట్టేంత సన్నం చేస్తారు. పిడికి గుడ్డపీలిక గాని, సైకిలు ట్యూబు ముక్క గాని చుట్టాలి, లేకపోతే అరచేయి బొబ్బలెక్కుతుంది. గుడ్డపేలికలను ఉండ చేసి, మీద ట్యూబు కోసిన రబ్బరు చుట్లు ఒకదాని మీద ఒకటి బిగిస్తే బంతి. సరుగుడు పుల్లలు మూడు పాతితే వికెట్లు. మట్ట బ్యాటుకు బంతి తగిలితే వచ్చేది బోలు చప్పుడు. బంతి దూరం పోదు, అందుకే భుజబలం కంటే చేతి మణికట్టు ఎక్కువ పనిచేయాలి. బ్యాటు నాలుగు రోజులకు చీలిపోయేది, ఐదోరోజు ఇంకో మట్ట. పెద్దవాళ్లది చెడుగుడు. కళ్లం పని ముగిసి, పెద్ద పండగ వెళ్లాక, వెన్నెల రోజుల్లో ఇసుక దిబ్బల మీద బరి గీసేవారు. పొడి ఇసుకలో గీత నిలవదు గనక పీచు తాడు పరిచి రెండు కొసలా మేకులు దిగ్గొట్టేవారు. కూతకు వెళ్లినవాడి గొంతు ఎక్కడ సన్నగిల్లుతుందా అని అవతలి జట్టు చెవులు రిక్కించేది. ఊపిరి తెగిందా లేదా అన్న తీర్పు గట్టు మీద కూర్చున్న ముసలివాళ్లది. తాలింఖానాల్లో కర్రసాము, సంగిడీలు ఎత్తడం సరేసరి. వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడనిపించుకున్న కోడి రామ్మూర్తి అలాంటి నేల నుంచి లేచినవాడే. సర్కస్ కట్టి దేశదేశాలు తిరిగి, ఆ బలంతోనే సంపాదించాడు. ఆయన్ని ప్రొఫెషనల్ అని తక్కువ చూసినవాడు మన దగ్గర ఎవడూ లేడు. ఇంగ్లండు పెద్దమనుషుల పట్టింపు మనకు అంటలేదు.

ఈ ఆటగాడి తీరిక ఎవరి సొమ్ము? సగం కాలం ఇచ్చింది. వరి కోత అయ్యాక మళ్లీ మృగశిర చినుకు పడేదాకా పొలం పిలవదు. కొబ్బరి దింపు రెండు నెలలకోసారి. సగం నేల ఇచ్చింది. ఇసుక దిబ్బలు, చెరువు గట్లు, సముద్రపు ఒడ్డు, బీల అనే చిత్తడి భూములు ఎవరి పట్టాలోనూ లేవు, అందరివీ. ఈ రెండూ అరువు తెచ్చుకున్నవి కావు, ఇంకొకడి నోరు కొట్టి తెచ్చినవీ కావు. జమీందారు తీరికకూ దీనికీ ఉన్న తేడా ఇదేనని నా వాదన.

అయితే ఇక్కడ ఎవరైనా నన్ను ఆపి అడగాలి. పీచు తాడు పరిచినవాళ్లు మగవాళ్లు. ఆ వేళకు ఆడవాళ్లెక్కడున్నారు? బావి దగ్గర, పొయ్యి దగ్గర, పీచు దంచే చోట. ఆడపిల్ల పదేళ్లు దాటాక బరి దగ్గరికి వెళ్లడం తప్పు. కులం చూసి జట్టులో చేర్చుకోని ఊళ్లూ ఉన్నాయి. జమీందారును అడిగిన ప్రశ్ననే ఊరినీ అడిగితే, ఊరి తీరికలో కొంత వాటా ఆడవాళ్ల చాకిరీదని ఒప్పుకోవాల్సిందే. ఆ మేరకు ఊరి అమెచ్యూర్ కూడా అప్పు పడ్డవాడే. ఆ అప్పు తీరడం మొదలైంది ప్రొఫెషనల్ క్రీడ వచ్చాకేనన్నదీ నిజం. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేటలో, రైల్వే రక్షక దళంలో కానిస్టేబుల్‌గా పనిచేసిన తండ్రికి పుట్టిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆమె. శిక్షకుడు, శిబిరం, ఉద్యోగం, ఖర్చులు భరించే సంఘం లేకుండా ఆ బరువు లేవదు. వెన్నెల రాత్రుల చెడుగుడు ఎన్ని తరాలు సాగినా ఒక్క మల్లీశ్వరిని బరి దగ్గరికి పిలవలేదు. ఈ లాభాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

కానీ లాభం వచ్చిందని నష్టాన్ని లెక్క రాయకుండా వదలకూడదు. మన ఊరి ఆట ఎందుకు పోయిందో గమనిస్తే, కాలం, నేల అనే ఆ రెండు ఆధారాలూ ఒక్కొక్కటే తెగడం కనిపిస్తుంది. కాలం ముందు పోయింది. కోత అయ్యాక ఊళ్లో ఉండే మగవాళ్లు తగ్గిపోయారు. చెన్నై, సూరత్, అండమాన్, గల్ఫ్ దేశాలు వాళ్లను లాక్కుపోయాయి. 2018 అక్టోబరులో పలాస దగ్గరే తీరం దాటిన తిత్లీ తుఫాను కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేశాక ఆ వలస ఇంకా పెరిగింది. కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఐదారేళ్లు, అన్నాళ్లు ఎవరు ఎదురుచూస్తారు? ఊళ్లో మిగిలినవాళ్లలో ఎందరినో కిడ్నీ జబ్బు పట్టుకుంది. కారణం ఇంతవరకూ తేలని ఆ జబ్బుతో వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లే మనిషికి సాయంత్రం అంటే మంచం. 2023 డిసెంబరులో పలాసలో రెండువందల పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. అవి రావడం మేలే, వాటి అవసరం రావడమే విషాదం.

నేల తరవాత పోయింది. చెరువు గట్లు లేఅవుట్లయ్యాయి, తీరం వెంట రొయ్యల చెరువులు తవ్వారు. బీలను థర్మల్ కేంద్రానికి ఇవ్వబోతే 2010 జులై 14న సోంపేటలోనూ, మరుసటి ఏడు ఫిబ్రవరిలో టెక్కలికి దగ్గర్లోని కాకరాపల్లిలోనూ జనం అడ్డం నిలబడ్డారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. వాళ్లు పోరాడింది ఆటస్థలం కోసం కాదు. చేపల కోసం, పశువుల మేత కోసం, నీళ్ల కోసం. మందసలో 1940 నాటి పోరాటమూ అలాంటిదే, అందరి అడవి మీద అందరి హక్కు. ఊరి ఆట బతికింది సరిగ్గా ఇలాంటి నేల మీద. ఎవరి పట్టాలోనూ లేని నేల పోయిన చోటల్లా ముందు మేత పోయింది, ఆ వెనకే ఆటా పోయింది.

పిల్లలు ఇప్పుడు ఆడడం లేదా, సంక్రాంతికి ఊరూరా టెన్నిస్ బంతి టోర్నమెంట్లు జరగడం లేదా అని అడగొచ్చు. జరుగుతున్నాయి, సంతోషమే. కానీ వాటికి ఎంట్రీ ఫీజు ఉంటుంది, కప్పుకు దాత ఉంటాడు, ఫ్లెక్సీ మీద దాత బొమ్మ ఉంటుంది, మూడు రోజులయ్యాక నేల మళ్లీ తన యజమాని దగ్గరికి పోతుంది. పండక్కి ఊరొచ్చిన కుర్రాళ్లు పండగ అయ్యాక రైలెక్కేస్తారు. బాగా ఆడేవాడు ఆడతాడు, మిగతావాళ్లు చూస్తారు. పిక్కల ఆటలో చూసేవాడు ఉండేవాడు కాదు. ఓడిపోయి జేబు ఖాళీ అయినవాడు కూడా ఇంకో చెట్టు కింద పిక్క ఏరుకుని మళ్లీ గీత దగ్గరికి వచ్చేవాడు.

2024 నవంబరు ఐపీఎల్ వేలంలో టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ను ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షల రూపాయలకు తీసుకుంది. జమీందారుల కాలంలో ఈ నేల మీద పుట్టిన స్పిన్నర్‌కు దక్కే గౌరవం మహా అయితే రాజుగారి జట్టులో నెట్ బౌలర్ ఉద్యోగం. ఇవాళ అతని నేర్పుకు అతని పేరు మీదే ధర పలుకుతోంది, ఎవరి దయా అక్కర్లేదు. ఇది నూటికి నూరుపాళ్లు ముందడుగు. నా బెంగ అతని గురించి కాదు. అతనంత ఆడలేని, ఆడాలన్న ఆశ మాత్రం అతనికి తీసిపోని పిల్లలు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లను వేలంలో కొనేవాళ్లు ఉండరు, ఉండక్కర్లేదు. వాళ్లకు కావలసింది బడి వదిలాక పొద్దుగుంకేలోపు రెండు గంటలు, ఊరి పేరున రాసి ఉన్న ఎకరం నేల. వజ్రపుకొత్తూరు నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి మిగిలిన పోరంబోకును రొయ్యల చెరువుకో లేఅవుటుకో రాసివ్వకముందే, ఒక్కో పంచాయతీ ఒక్కో ఎకరాన్ని ఆటస్థలంగా తీర్మానం చేసి రెవెన్యూ రికార్డుకెక్కించాలి. మగపిల్లలతో సమానంగా ఆడపిల్లలకూ అందులో వేళ కేటాయించాలి.